బాబుకి జ్వరం, పక్క గదిలో తాతయ్య

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బెంగళూరు హొరమావులో ఉంటాం. సొంతూరు మదనపల్లె. సంక్రాంతికి ఊరెళ్లి సోమవారం, 2022 జనవరి 17న తిరిగొచ్చాం. ఆ రాత్రి నుంచే మా బాబుకి జ్వరం. నాలుగేళ్లు, 15 కిలోలు. 102 దాకా పోతోంది. సిరప్ 5 ఎం.ఎల్. వేస్తే దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ముక్కు కారుతోంది, కొంచెం దగ్గు ఉంది. జ్వరం దిగినప్పుడు మాత్రం మామూలుగానే ఆడుకుంటున్నాడు. మా మామయ్యగారు మాతోనే ఉంటారు. 72 ఏళ్లు, షుగర్ ఉంది, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. బాబు రోజూ ఆయన పక్కనే పడుకుంటాడు. మా ఆయన కోవిడ్ టెస్ట్ చేయిద్దామంటున్నారు. అత్తయ్య "పసివాడి ముక్కులో పుల్లలు పెట్టిస్తారా, దిగతుడిస్తే తగ్గిపోతుంది" అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకున్న భయం వేరే. పాజిటివ్ వస్తే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మా ఫ్లాట్ నంబర్ పెడతారు, పనమ్మాయి మానేస్తుంది. ఇప్పుడొచ్చేది మామూలు జలుబులాంటిదే, టెస్ట్ దండగ అని అందరూ అంటున్నారు. చేయించాలా, వద్దా?
- ఓ అమ్మ, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ మెయిల్‌ను పత్రికవాళ్లు పంపిన రాత్రే మీకు ఫోన్ చేశాను. పిల్లాడి జ్వరం పత్రిక అచ్చయ్యేదాకా ఆగదు కదా. ఆ రోజు హడావిడిలో చెప్పినవీ, చెప్పకుండా వదిలేసినవీ ఇప్పుడు వివరంగా రాస్తున్నాను. ఈ జనవరిలో నా క్లినిక్‌లో కూర్చున్న తల్లులంతా అటూ ఇటూగా ఇదే అడుగుతున్నారు.

ముందు ఒక మాట. మీ బాబు వైద్యం టెస్ట్ మీద ఆధారపడి లేదు. పాజిటివ్ వచ్చినా జ్వరానికి పారాసిటమాల్, తాగడానికి నీళ్లు, చారన్నం, మజ్జిగ, మీరు పక్కన ఉండటం. నెగెటివ్ వచ్చినా అంతే. జనవరి 20న కేంద్ర ఆరోగ్య శాఖ పిల్లల కోవిడ్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 18 ఏళ్ల లోపు వాళ్లకు యాంటీవైరల్ మందులు వద్దని స్పష్టంగా చెప్పింది. మీరు ఫోన్‌లో చెప్పిన ఆ అజిత్రోమైసిన్ సిరప్, పోయినసారి మిగిలిందన్నది, అది కూడా వద్దు. వైరస్ మీద అది పని చేయదు.

మరి టెస్ట్ ఎందుకంటే, మీ మామయ్యగారి కోసం. నన్ను అడిగే ప్రతి ఇంటివాళ్లనూ నేను తిరిగి ఒకటే అడుగుతాను: రిజల్ట్ వచ్చాక మీరు వేరేగా చేసే పని ఏదైనా ఉందా? మొన్న ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ పాజిటివ్, రెండో రోజుకి పిల్లలిద్దరికీ జ్వరం. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు, పిల్లలు హుషారుగానే ఉన్నారు. వాళ్లకు టెస్ట్ అక్కర్లేదన్నాను. ఆ ఇంట్లో వచ్చిందేమిటో తెలిసిపోయింది, పిల్లల్ని ఏడిపించి కొత్తగా తెలుసుకునేదేమీ లేదు. మీ ఇల్లు అలాంటిది కాదు. బాబుకి కోవిడ్ అని తేలితే మామయ్యగారికి చిన్న గొంతు నొప్పి వచ్చినా అదే రోజు టెస్ట్ చేయిస్తారు, ఆయన గుండె డాక్టరుకి ముందే చెప్పి ఉంచుతారు, షుగర్ రోజూ చూస్తారు, ఆక్సీమీటర్ తెప్పిస్తారు. తేలకపోతే "ప్రయాణం బడలిక" అనుకుంటూ మూడు రోజులు పోనిస్తారు. అందుకే మీకు నా జవాబు: చేయించండి.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి నాకు సొంత కారణం ఉంది. పోయిన ఏడాది, 2021 ఏప్రిల్‌లో, మా అమ్మాయికి ఒక రోజు 101 జ్వరం, గొంతు నొప్పి. పిల్లల డాక్టర్ని అయి ఉండీ, చల్లటి నీళ్లు తాగిందిలే అనుకున్నాను. మా అమ్మ అప్పుడు హిందూపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, 71 ఏళ్లు. మనవరాలికి వేడి పాలు కలిపిచ్చి, అదే గ్లాసులో మిగిలినవి తను తాగేది. మూడో రోజుకి అమ్మాయికి తగ్గిపోయింది. ఆరో రోజు అమ్మకి దగ్గు మొదలైంది. అప్పుడు చేయించిన టెస్ట్ రిజల్ట్ రావడానికి నాలుగు రోజులు పట్టింది, ఆ లోపలే ఆక్సిజన్ 91కి పడిపోయింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికి ఇంటికొచ్చింది, అది మా అదృష్టం. ఇప్పటికీ మా మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఏడో మెట్టు దగ్గర ఆగి రెయిలింగ్ పట్టుకుంటుంది. అమ్మాయికి జ్వరం వచ్చిన రోజే టెస్ట్ చేయించి ఉంటే అమ్మకి రాకుండా ఉండేదని అనను, అప్పటికే అంటుకుని ఉండొచ్చు. కానీ దగ్గు మొదలవకముందే మేం కళ్లు తెరిచి ఉండేవాళ్లం. ఆ మూడు రోజుల గురించి నాకు ఇంకా బాధే.

ఇక ఏ టెస్ట్ అంటే, మందుల షాపులో దొరికే హోమ్ కిట్ కూడా పనికొస్తుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2021 మే నెలలోనే దీన్ని అనుమతించింది. జలుబు, జ్వరం ఉన్నవాళ్లకి ఇందులో పాజిటివ్ వస్తే పాజిటివ్ కిందే లెక్క, మళ్లీ ఇంకో టెస్ట్ అక్కర్లేదు. నెగెటివ్ వస్తేనే జాగ్రత్త. జ్వరం మొదలైన మొదటి రోజున ఈ కిట్ చాలాసార్లు వైరస్‌ను పట్టుకోలేదు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ (ల్యాబ్‌లో చేసే కోవిడ్ పరీక్ష) చేయించాలి. హోమ్ కిట్‌లో ఒకే గీత కనిపించగానే "హమ్మయ్య" అనుకుని బాబుని మళ్లీ తాతయ్య పక్కలోకి పంపించడం ఈ నెలలో నేను ఎక్కువగా చూస్తున్న పొరపాటు. గీత కోసం 15 నిమిషాలు ఆగండి. మర్చిపోయి గంట తర్వాత చూసిన గీతను మాత్రం నమ్మకండి.

అత్తయ్యగారు అన్న మాట కూడా తీసిపారేసేది కాదు. పసివాడి ముక్కులో పుల్ల పెట్టడం చూడటం ఎవరికైనా కష్టమే. కానీ పద్ధతిగా చేస్తే పది సెకన్ల పని. ముందు ముక్కు చీదించండి. బాబుని మీ ఒళ్లో, వాడి వీపు మీ గుండెకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. దుప్పటి చుట్టి చేతులు లోపల ఉంచండి. మీ ఒక చెయ్యి వాడి నుదుటి మీద, తల మీ భుజానికి ఆని ఉండాలి. పుల్లను పైకి పొడవకూడదు, ముక్కు కింది అంచు వెంట నేరుగా లోపలికి పోనిచ్చి నెమ్మదిగా తిప్పాలి. "ఏమీ కాదు" అని మాత్రం చెప్పకండి, అది అబద్ధమని రెండు సెకన్లలో వాడికే తెలిసిపోతుంది, ఇంకోసారి మీ మాట నమ్మడు. "చక్కిలిగింతగా ఉంటుంది, కళ్లలో నీళ్లొస్తాయి, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. పోయిన వారం ఒక ఐదేళ్ల బాబు తన ఏనుగు బొమ్మకు ముందు చెయ్యమన్నాడు. బొమ్మ తొండంలో దూది పుల్ల పెట్టి తిప్పాను. తర్వాత తనే ముక్కు పైకెత్తి కూర్చున్నాడు.

రిజల్ట్ వచ్చేదాకా ఏం చెయ్యాలన్నది అన్నిటికంటే ముఖ్యం. రిజల్ట్ కోసం ఆగి, వచ్చాక విడదీద్దాం అనుకోవద్దు. ఈ రాత్రి నుంచే బాబు మీ గదిలో, మామయ్యగారు ఆయన గదిలో, కిటికీ తెరిచి. ఆయన్ని మీ మరిది ఇంటికి పంపేద్దామా అని అడిగారు, వద్దు. ఆయనకు ఇప్పటికే అంటుకుని ఉంటే ఆ ఇంటికి కూడా మోసుకెళ్తారు. బాబుని చూసుకునే మనిషి ఒక్కరే ఉండండి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. ఐదేళ్లలోపు పిల్లలకు మాస్క్ వద్దన్నారు కాబట్టి బాబుకి పెట్టకండి, మామయ్యగారికే పెట్టండి. ఆయన భోజనం పళ్లెం ఆయన గదికే వెళ్లాలి. ఆయన కోవిడ్ టీకా రెండో డోసు మే రెండో వారంలో వేయించుకున్నారన్నారు కదా, 2022 జనవరి నిబంధనల ప్రకారం ప్రికాషన్ డోసు (మూడో డోసు) దాని తర్వాత 39 వారాలకు, అవి ఫిబ్రవరి రెండో వారానికి నిండుతాయి. ప్రికాషన్ డోసు తేదీ క్యాలెండర్లో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

మందు డోసు గురించి. మీరు 5 ఎం.ఎల్. అనగానే సీసా తీసుకొచ్చి చదవమన్నాను, గుర్తుందా? పారాసిటమాల్ సిరప్ మన దగ్గర రెండు రకాల బలంతో దొరుకుతుంది. 5 ఎం.ఎల్.లో 120 లేక 125 మిల్లీగ్రాములుండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. పెట్టె రంగు, పండు బొమ్మ ఒకేలా ఉంటాయి. బరువులో కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక డోసు. మీ బాబు 15 కిలోలు కాబట్టి 250 సీసా అయితే 4 ఎం.ఎల్., 120 సీసా అయితే 8 ఎం.ఎల్. మీ దగ్గరున్నది 250. ఆరు గంటలకోసారి, అదీ జ్వరం ఉంటేనే, రోజుకి నాలుగుసార్లకు మించి వద్దు. జలుబు సిరప్పుల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి ఇవ్వకండి. నిద్రపోతున్న పిల్లాణ్ణి మందు కోసం లేపక్కర్లేదు.

రాత్రి మీరు చూడాల్సింది థర్మామీటర్ కంటే ఎక్కువగా వాడి పొట్టని. జ్వరం దిగి పడుకున్నాక చొక్కా పైకెత్తి, ఫోన్లో ఒక నిమిషం పెట్టుకుని, ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలకు 40 లేక అంతకంటే ఎక్కువ ఉంటే ఆస్పత్రికి వెళ్లాలి. డొక్కలు ఎగరేస్తున్నా అంతే, టెస్ట్ ఏం చెప్పిందని ఆగవద్దు. ఎనిమిది గంటలుగా ఒంటికి పోయకపోయినా, లేపితే లేవకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే బయలుదేరండి. ఆక్సీమీటర్ 94 కంటే తక్కువ చూపిస్తే ముందు బొటనవేలికి పెట్టి మళ్లీ చూడండి, పెద్దల క్లిప్ చిన్న వేలికి సరిగ్గా పట్టదు. మూడో రోజు దాటినా జ్వరం అలాగే ఉంటే కోవిడ్ ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా డెంగీ, మూత్రం పరీక్షల కోసం డాక్టర్‌కి చూపించాలి. (మూడు నెలలు నిండని పసికందుకి జ్వరమొస్తే ఇవేవీ చదువుతూ ఉండకూడదు, నేరుగా ఆస్పత్రికే.)

ఇక వాట్సాప్ గ్రూప్. మీ భయం నాకు అర్థమవుతుంది. 2020 జూలైలో ఇదే బెంగళూరులో రెండు ఫ్లాట్ల తలుపులకి ఇనుప రేకులు కొట్టారు, తర్వాత తీసేసి అధికారులు క్షమాపణ చెప్పారు. అది చూసినవాళ్లకి భయం ఎలా పోతుంది? ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2022 జనవరి నిబంధనల ప్రకారం, పాజిటివ్ వచ్చి కనీసం ఏడు రోజులై, వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే ఐసొలేషన్ అయిపోయినట్టే, నెగెటివ్ రిపోర్ట్ కోసం మళ్లీ టెస్ట్ అక్కర్లేదు. అసోసియేషన్ సెక్రటరీకి మీరే ముందుగా ఫోన్ చేసి చెప్పండి, చెత్త తీసుకెళ్లే మనిషికీ, లిఫ్ట్‌లో వచ్చే పెద్దవాళ్లకీ అది మేలు. పనమ్మాయికి ఆ వారం జీతంతో సెలవివ్వండి. ఆమె ఇంకో నాలుగిళ్లకు వెళ్తుంది, ఆమె ఇంట్లోనూ ముసలివాళ్లుంటారు. ఆమెకు చెప్పకుండా పని చేయించుకోవడం మాత్రం నేను ఒప్పుకోలేను.

ఇది అచ్చుకి పంపే ముందు మీరు పెట్టిన మెసేజ్ చూశాను. హోమ్ కిట్‌లో నెగెటివ్, మర్నాడు ఇచ్చిన ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్. రిజల్ట్ వచ్చేసరికి బాబుకి జ్వరం పోయింది, మామయ్యగారికి ఈ రోజుకి తొమ్మిది రోజులు, ఏమీ లేదు. చాలా సంతోషం. ఆయన్ని ఇంకో వారం గమనిస్తూ ఉండండి. బాబు విషయంలో ఇంకొక్క పని మిగిలింది. కోవిడ్ వచ్చిన రెండు నుంచి ఆరు వారాల్లోపు కొందరు పిల్లలకు, చాలా అరుదుగా, మళ్లీ జ్వరం పట్టుకుంటుంది. కళ్లు ఎర్రబడతాయి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, కడుపు నొప్పి, వాంతులు ఉంటాయి. దాన్ని ఎంఐఎస్-సి అంటారు, తొందరగా గుర్తిస్తే మంచి వైద్యం ఉంది. మార్చి మొదటి వారం దాకా బాబుకి అలాంటి జ్వరమేదైనా వస్తే, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా "జనవరిలో కోవిడ్ వచ్చింది" అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఆర్టీపీసీఆర్ రిపోర్ట్ టీకాల కార్డుతో పాటు పెట్టి ఉంచండి.