పోర్టింగ్ పనిలో దిగుతున్న మేనకోడలికి

తార్నాక, హైదరాబాద్

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీవూ నీ ముగ్గురు స్నేహితులూ కలిసి డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంను రిస్క్-ఫైవ్ అనే రకం ప్రాసెసర్ల మీద నడిపించే పనిలో, అంటే పోర్టింగ్‌లో, పాలుపంచుకోవాలనుకుంటున్నారని మొన్న ఆదివారం చెప్పావు. భోజనాల హడావుడిలో సరిగా మాట్లాడలేకపోయాను గనుక ఇలా రాస్తున్నాను.

ఆ పని ఎప్పుడో అయిపోయింది కదా అని మీలో ఒకరికి అనుమానం వచ్చిందన్నావు. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ ఆర్కిటెక్చర్‌ను డెబియన్ 2023 జులైలో అధికారికంగా చేర్చుకున్న మాటా, 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌లో అది మొదటిసారి మిగతావాటి సరసన విడుదలైన మాటా నిజమే. అయితే డెబియన్‌లోని వేల ప్యాకేజీలలో, అంటే విడివిడి సాఫ్ట్‌వేర్‌లలో, దేనికి కొత్త వెర్షన్ వచ్చినా, రాసినవారి ఇంటెల్ యంత్రంలో చక్కగా నడిచినది ఇక్కడ మొరాయించవచ్చు కాబట్టి, పోర్టింగ్‌లో పని ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

రిస్క్-ఫైవ్ బోర్డు కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో దుకాణాలన్నీ తిరగనవసరం లేదు. ఆ ప్రాసెసర్‌ను అనుకరించే ఎమ్యులేటర్ పెట్టుకుంటే నీ లాప్‌టాప్ చాలు. కాకపోతే నెమ్మదిగా నడుస్తుంది గనుక చిన్న ప్యాకేజీని ఎంచుకో. దాని బగ్‌ల జాబితా ముందే చదివితే, వేరొకరు అప్పటికే సరిచేసిన దాని మీద వారం రోజులు పోగొట్టుకోకుండా ఉంటావు. బిల్డ్ (మూల కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే పని) ఆగిపోయినప్పుడు లాగ్‌లోని చివరి పంక్తిని పట్టుకుని వేలాడవద్దు. బిల్డ్‌ను నడిపే 'మేక్' ఆగిపోయిందన్న సంగతి తప్ప అది ఏమీ చెప్పదు. అసలు కారణం పైన ఎక్కడో, మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది.

బిల్డ్ పూర్తయి టెస్టు ఎంతకీ ముగియని సందర్భాలు ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. ఒక ఫైలును అక్షరం వెంట అక్షరం చదివే సీ ప్రోగ్రాంలో, ఒక్కో అక్షరాన్ని అందించే గెట్‌చార్ ఇచ్చిన విలువను, పెద్ద సంఖ్యలు పట్టే 'ఇంట్'లో కాకుండా ఒక్క బైటే పట్టే 'చార్'లో దాచారనుకో. ఇంటెల్ మీద 'చార్'కు ధన, ఋణ విలువలు రెండూ ఉంటాయి కాబట్టి ఫైలు ముగింపును సూచించే -1 అలాగే నిలుస్తుంది. రిస్క్-ఫైవ్ మీద 'చార్'కు ఋణ విలువలు లేవు. -1 కాస్తా 255 అయిపోతుంది, ముగింపు ఎన్నటికీ కనబడదు, లూపు తిరుగుతూనే ఉంటుంది. కంపైలర్‌కు ఒక ఆప్షన్ ఇచ్చి ఇక్కడా ఋణ విలువలు ఉండేలా చేస్తే టెస్టు పాసవుతుంది, కానీ అది తప్పును కప్పిపెట్టడమే. 255 విలువగల బైటు ఫైలు నడుమ వస్తే ఇంటెల్ మీద కూడా ఆ ప్రోగ్రాం అక్కడే ముగిసిందని పొరబడుతుంది. ఎన్నో ఏళ్లుగా అందరి దగ్గరా ఉన్న తప్పును కొత్త ప్రాసెసర్ బయటపెట్టిందన్న మాట. నాకు ఈ పని మీద ఇష్టం కలిగింది ఇందుకే.

ఈ విషయంలో నేనూ దెబ్బతిన్నవాణ్ణే. ఏఆర్ఎం అనే మరో రకం ప్రాసెసర్ పోర్టింగ్‌లో మొదటిసారి దిగినప్పుడు, ఫెయిలవుతున్న ఒక టెస్టును ఆ ప్రాసెసర్‌కు మాత్రం ఆపేసి, ఎంతో గర్వంగా ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపాను. "ఎందుకు ఫెయిలవుతోంది?" అని ఆ ప్యాకేజీ బాగోగులు చూసే మెయింటెయినర్ ఒక్క ముక్క అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అది వెతకడానికి మూడు వారాలు పట్టింది.

కాబట్టి ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉంచి, కారణం రాసి, ఇంటెల్ మీద కూడా పరీక్షించానని చెప్పి, డెబియన్‌తో ఆగకుండా ఆ సాఫ్ట్‌వేర్ మూల రచయితలకూ పంపు. "రెస్పెక్టెడ్ సర్" అంటూ అరపేజీ ఉపోద్ఘాతం అక్కరలేదు. పేరు పెట్టి రాసినా వారు తప్పుగా అనుకోరు. చాలామంది తీరిక వేళల్లో చేసేవారు గనుక రెండు వారాలు ఆగి గుర్తుచెయ్యి. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చిన 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో ఒక్కో పదం చేర్చి పంపినవారి ధాటికి నిర్వాహకులు ఆ అక్టోబర్ మొదటి వారంలోనే నియమాలు మార్చవలసి వచ్చింది. ఏఐ రాసిచ్చినది అర్థం చేసుకోకుండా పంపినా మెయింటెయినర్‌కు అదే చికాకు.

నలుగురూ ఒకే ప్యాకేజీ మీద పడకుండా ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరి మార్పును మరొకరు తమ యంత్రంలో బిల్డ్ చేసి చూశాకే పంపండి. వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా. బిల్డ్ లాగ్ మొత్తం ఫైలుగా తెచ్చుకో, ఫోనులో తీసిన స్క్రీన్ ఫోటో కాదు.

నీ మామయ్య