కమిషన్ వేశారా, నెలకొల్పారా?

సందేహం: గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలకు తెలుగులో నోట్సు రాసి ఇస్తుంటాను. ఈ మధ్య అందులో "రాష్ట్ర ఇంధన విధానానికి దిశానిర్దేశం చేయడానికి 1999లో విద్యుత్ నియంత్రణ కమిషన్‌ను నియమించడం జరిగింది" అని రాశాను. తోటి ఉపాధ్యాయుడొకరు చూసి నాలుగు తప్పులు పట్టారు. ఇంధనం కాదు, శక్తి అనాలట. కమిషన్ కాదు, మండలి అనాలట. నియమించడం కుదరదట. జరిగింది అసలే వద్దట. పనిలో పనిగా ఇంకొకటి: విద్యుచ్ఛక్తి, విద్యుశ్చక్తి, ఈ రెండింటిలో ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు

సమాధానం: మీ మిత్రుడు పట్టిన వాటిలో చివరి రెండూ న్యాయమైనవే. మొదటిదానిలో సగం న్యాయం ఉంది. మండలి సంగతి మాత్రం నేను ఒప్పుకోలేను. ఆయన కంట పడని తప్పు మరొకటి మీ వాక్యంలో ఉంది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది అదే. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ముందు ఇంధనం. సంస్కృతంలో ‘ఇంధ్’ ధాతువుకు మండించడం అని అర్థం. దేనితో మంట మండిస్తామో అది ఇంధనం. హోమంలో వేసే సమిధ కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. కాబట్టి వంటచెరకు, పిడకలు, ఊక, బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు, గ్యాసు అన్నీ ఇంధనాలే. ఎండ, గాలి, కాలువ నీటి ఉరవడి మాత్రం ఇంధనాలు కావు, వాటిని మనం పొయ్యిలో పెట్టి మండించడం లేదు. వాటిలో ఉన్నది శక్తి. బడి పుస్తకాల్లో స్థితిజశక్తి, గతిజశక్తి, శక్తి నిత్యత్వ నియమం అని చదువుకున్న మాట అదే. ఆ లెక్కన ‘సౌర ఇంధనం’, ‘పవన ఇంధనం’ అనేవి అతకని జంటలు. సౌరశక్తి, పవనశక్తి అనాలి. కరెంటు గురించే చెబుతుంటే సౌర విద్యుత్తు, పవన విద్యుత్తు అనాలి. ఇంతవరకు మీ మిత్రుడి మాట నిజం.

అయితే ప్రభుత్వం వాడుకలో ఇంధనం ఇంకో దారి పట్టింది. సచివాలయంలో ఉన్నది ఇంధన శాఖ, దానికి ఉన్నది ఇంధన శాఖ మంత్రి. శక్తి శాఖ అంటే వినేవాడికి ఆయుధాలో, అమ్మవారో గుర్తొస్తారు గాని కరెంటు గుర్తు రాదు. అందుకే ఇంధనం అక్కడ నిలిచిపోయింది. స్థిరపడిన పేరును ఇప్పుడు పీకి పారేయనక్కర్లేదు. అవసరమైన చోట అర్థాన్ని విడదీసి చూపగలిగితే చాలు. దీనికి మీ ఇంటి కరెంటు బిల్లే మంచి ఉదాహరణ. అందులో వచ్చే ‘ఇంధన సర్దుబాటు’ అనే పద్దులో ఇంధనం తన అసలు అర్థంలోనే ఉంది. థర్మల్ కేంద్రంలో మండించే బొగ్గు వగైరాల ఖర్చు పెరిగితే ఆ తేడా మన మీద పడుతుంది, అదీ ఆ పద్దు సంగతి. బిల్లు చేతికి వచ్చినప్పుడు ఇంధనం అంటే బొగ్గు, మంత్రిగారి బోర్డు చూసినప్పుడు ఇంధనం అంటే కరెంటుతో సహా అన్నీ. రెండూ తెలిసి వాడితే తప్పు లేదు. తెలియకుండా కలిపేస్తేనే చిక్కు.

మీ వాక్యానికి మాత్రం ఇంధనమూ కుదరదు, శక్తీ కుదరదు. మీరు చెబుతున్న కమిషన్‌కు పెట్రోలు మీదా వంటగ్యాసు మీదా ఏ అధికారమూ లేదు. దాని పరిధి కరెంటు వరకే. అందుకని అక్కడ ‘విద్యుత్ విధానం’ అంటే సరిపోతుంది.

ఇప్పుడు కమిషన్. దీనికి మన పత్రికలు ఒకే మాటకు కట్టుబడలేదు, ఆ మాటకొస్తే కట్టుబడనక్కర్లేదు కూడా. ఎన్నికల సంఘం, ఆర్థిక సంఘం, ఒకప్పటి ప్రణాళికా సంఘం, ఇవన్నీ కమిషన్‌లే. మహిళా కమిషన్, సర్వీస్ కమిషన్ అనేటప్పుడు కమిషన్‌ను అలాగే ఉంచేశాం. విద్యుత్తు దగ్గరికి వచ్చేసరికి సంఘం పనికిరాదు. విద్యుత్ సంఘం అనగానే లైన్‌మన్లు, ఇంజనీర్లు పెట్టుకున్న ఉద్యోగుల సంఘమే మనసులో మెదులుతుంది. మీ మిత్రుడు చెప్పిన ‘విద్యుత్ నియంత్రణ మండలి’ పత్రికల్లో బాగా నలిగిన పేరే, తప్పని అనను. కానీ మండలి ఇప్పటికే చాలా బరువు మోస్తోంది. శాసన మండలిలో కౌన్సిల్, కాలుష్య నియంత్రణ మండలిలో బోర్డు, ఇక్కడ కమిషన్. అందులోనూ మన రాష్ట్రంలో కరెంటుకు 1959 నుంచి నాలుగు దశాబ్దాల పాటు ఉన్నది విద్యుత్ బోర్డు. కరెంటు తయారుచేసి, పంచి, బిల్లు వసూలు చేసింది అదే. 1998 నాటి సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చి, ఆ బోర్డును కరెంటు తయారుచేసే జెన్‌కో, దాన్ని సరఫరా చేసే ట్రాన్స్‌కోలుగా విడగొట్టింది. వాటి లెక్కలు చూసి ధర ఖరారు చేసే వేరే సంస్థ కావాలి కాబట్టి కమిషన్ పుట్టింది. ఒడిశా అప్పటికే, 1996లోనే, ఆ దారిలో నడిచింది. అమ్మేవాడికీ, అమ్మేవాణ్ని అదుపులో పెట్టేవాడికీ ఒకే మాట వాడితే తేడా ఎలా తెలుస్తుంది?

ఈ తేడా ఎంత ముఖ్యమో నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. కొన్నేళ్ల కిందట తిరుపతిలో కరెంటు చార్జీల మీద కమిషన్ జరిపిన బహిరంగ విచారణకు వెళ్లాను. వెనక వరసలో కూర్చున్న ఒక రైతు, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, మైకు అందుకుని మొదట అడిగిన ప్రశ్న: "సార్, మీరు కరెంటు ఇచ్చేటోళ్లా, ఇచ్చేటోళ్లను అడిగేటోళ్లా?" నియంత్రణ కమిషన్‌కు అంతకంటే మంచి నిర్వచనం నేను ఇంతవరకు వినలేదు. ఇచ్చేవాళ్లను అడిగేవాళ్లు. తెలుగు పేరు వెతికేటప్పుడు ఆ రైతు గీసిన గీత చెరిగిపోకూడదు. అందుకే ఇక్కడ కమిషన్ అన్న మాటనే ఉంచమంటాను. దళారికి ఇచ్చే ముడుపుకు ‘కమీషన్’ అని దీర్ఘంతో రాసే అలవాటు చాలామందికి ఉంది. అలవాటైనవాళ్లు కొనసాగించండి, చదివేవాడికి మేలే.

ఇక క్రియ. మీ మిత్రుడు పట్టింది ఇక్కడ బాగా పట్టారు, కానీ కారణం చెప్పలేదు. మనుషుల్ని నియమిస్తాం, సంస్థల్ని ఏర్పాటు చేస్తాం, నెలకొల్పుతాం. కమిషన్‌ను నెలకొల్పాక దానికి ఛైర్మన్‌ను, సభ్యులను నియమిస్తారు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించకూడదు. తెలంగాణ విషయం రాసేటప్పుడు కూడా, రాష్ట్రం విడిపోయాక 2014లో అక్కడ వేరే కమిషన్ ‘ఏర్పాటైంది’ అంటాం తప్ప ‘నియమితమైంది’ అనం.

మన ఇళ్లలో వినిపించే క్రియ ఇంకొకటి ఉంది. "కమిటీ వేశారు", "కమిషన్ వేశారు" అంటాం. ఎన్నికల సంఘం వేశారు అని మాత్రం ఎవరూ అనరు. ఎందుకని? పందిరి వేస్తాం, గుడిసె వేస్తాం, మంచె వేస్తాం, ఇల్లు మాత్రం కడతాం. అవసరం తీరగానే విప్పేసేదానికి ‘వేయు’ ఒదుగుతుంది. రోడ్డు కూడా వేస్తాం కదా అని మీరు అడగవచ్చు. అక్కడ వేయడం అంటే నేల మీద పరచడం, అది వేరే అర్థం. 2024లో ఛత్తీస్‌గఢ్ నుంచి కరెంటు కొనుగోలు మీద, భద్రాద్రి, యాదాద్రి థర్మల్ కేంద్రాల నిర్మాణం మీద విచారణకు తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ ఎల్. నరసింహారెడ్డితో కమిషన్ వేసింది. తర్వాత ఆయన స్థానంలోకి జస్టిస్ మదన్ బి. లోకుర్ వచ్చారు. ఇది 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసింది. నివేదిక ఇచ్చేస్తే దాని పని అయిపోతుంది. చార్జీలు ఖరారు చేసే కమిషన్ అలా కాదు, మనుషులు మారతారు గాని సంస్థ ఉంటుంది. రెండూ కరెంటు కమిషన్‌లే, రెండూ ‘విచారణ’ జరుపుతాయి. నామవాచకం చూపలేని తేడాను క్రియ చూపిస్తోంది: ఒకటి వేసింది, ఒకటి నెలకొల్పింది. మన పల్లె నోటికి ఈ వివేకం ఎప్పుడో తెలుసు. పరీక్ష నోట్సులో దాన్ని పోగొట్టుకోవద్దని నా కోరిక.

‘చేయడం జరిగింది’ గురించి ఒక్క మాట. చేసినవాడి పేరు చెప్పడం ఇష్టం లేనప్పుడు పనికొచ్చే వాక్యం అది. ఇక్కడ చేసింది ప్రభుత్వం, ప్రభుత్వం చేసింది అనే రాయండి.

ఇప్పుడు ఆ పెద్ద తప్పు. ‘విధానానికి దిశానిర్దేశం చేయడానికి’ అన్నారు. దిశానిర్దేశం మాటగా మంచిదే, కానీ ఎవరు ఎవరికి చేస్తున్నారన్నది మీ వాక్యంలో తలకిందులైంది. 2003 చట్టంలో 108వ సెక్షన్ ఏమంటుందంటే, ప్రజాప్రయోజనం ముడిపడ్డ విధాన విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలను బట్టి కమిషన్ నడుచుకోవాలి. అంటే విధానం విషయంలో దిశ చూపేది ప్రభుత్వం, ఆ దిశలో నడవాల్సింది కమిషన్. కమిషన్ నుంచి ప్రభుత్వానికి వెళ్లేది సలహా, అది 86వ సెక్షన్‌లో ఉంది. 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు ఇవ్వాలని నిర్ణయించింది ప్రభుత్వమే, కమిషన్ కాదు. అలాంటి రాయితీ ఇవ్వదలచినప్పుడు ఆ డబ్బు ప్రభుత్వమే ముందుగా కట్టాలని చట్టం చెబుతోంది. ఇంటింటికీ కరెంటు పంచే కంపెనీలైన డిస్కంలు చార్జీలు ప్రతిపాదిస్తాయి, కమిషన్ ఖరారు చేస్తుంది, ప్రభుత్వం రాయితీ భరిస్తుంది. ఈ మూడు క్రియల్లో ఏ ఒక్కటి చోటు మారినా పిల్లవాడు పరీక్షలో తప్పు జవాబు రాస్తాడు. రేపు బిల్లు పెరిగినప్పుడు ఎవరిని అడగాలో కూడా తెలియకుండా పోతాడు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "విద్యుత్ చార్జీలను ఖరారు చేయడానికి, విద్యుత్ విధానంపై తనకు సలహా ఇవ్వడానికి ప్రభుత్వం 1999లో విద్యుత్ నియంత్రణ కమిషన్‌ను నెలకొల్పింది."

మిగిలింది విద్యుచ్ఛక్తి. అదే సరైనది. విద్యుత్ పక్కన శక్తి చేరితే తకారం చకారమవుతుంది, శకారం ఛకారమవుతుంది. సత్ + శీలం సచ్ఛీలం అయినట్టే, ఉత్ + శ్వాసం ఉచ్ఛ్వాసం అయినట్టే. ‘విద్యుశ్చక్తి’ అని రాసేవాళ్లు ఆ రెండక్షరాలనూ ముందు వెనకలు చేస్తున్నారు. ఒక ఊళ్లో సబ్‌స్టేషన్ ప్రహరీ మీద ఎర్ర రంగుతో అడుగు ఎత్తు అక్షరాలలో ఆ తప్పు కనిపించింది. రోజూ బడికి వెళ్లే పిల్లలు దాన్ని చూస్తూ నేర్చుకుంటున్నారు కదా అనిపించి మనసు చివుక్కుమంది. సంధి కష్టమనిపిస్తే విద్యుత్తు అనండి, చాలు. హల్లుతో ముగిసే సంస్కృత పదాన్ని మనం వాక్కు, జగత్తు, మరుత్తులాగా చివర ఒత్తు, ఉకారం చేర్చి సొంతం చేసుకున్న రూపం అది. మీ పిల్లలతో మాట్లాడేటప్పుడు మాత్రం కరెంటు అనే అనండి.