కొరియన్, ఇంగ్లిష్ భాషల్లో ఒకే వ్యాసం పెడితే గూగుల్ దాన్ని నకలుగా లెక్కిస్తుందా?

లెక్కించదు; సరిగ్గా చేసిన అనువాదాన్ని గూగుల్ నకలుగా చూడదు గానీ, ఏ పేజీ ఏ భాషకు చెందిందో మనం స్పష్టంగా తెలియజేయడం అవసరం. ప్రతి భాషారూపానికీ విడి చిరునామా ఉండి, రెండు పేజీలూ హెచ్‌రెఫ్‌లాంగ్ (hreflang) అనే, పేజీ భాషను తెలిపే సూచికతో ఒకదాన్నొకటి చూపినప్పుడు అవి ఒకే వ్యాసపు రెండు రూపాలని సెర్చ్ ఇంజిన్ గ్రహిస్తుంది. ఒకవైపు మాత్రమే రాస్తే ఆ సూచనను పట్టించుకోకపోవచ్చు.

ఉదాహరణకు, హైదరాబాద్‌లో ఉంటూ కొరియన్ అనువాదాలు చేసే వ్యక్తి తన వెబ్‌సైట్‌లో కొరియన్ పేజీలను ‘కె-ఓ’ అనే విభాగంలోనూ, ఇంగ్లిష్ పేజీలను ‘ఇ-ఎన్’ అనే విభాగంలోనూ ఉంచవచ్చు. భాష మార్చే లింకు మాత్రం మొదటి పేజీకి కాక, పాఠకుడు చదువుతున్న వ్యాసపు రెండో రూపానికే తీసుకువెళ్లాలి.

చాలామంది పొరబడేది ఆ సూచికలో రాసే రెండక్షరాల భాషా సంకేతాల దగ్గరే. కొరియన్ కాబట్టి ‘కె-ఓ’ బదులు ‘కె-ఆర్’ అని రాస్తారు. అది దక్షిణ కొరియా దేశపు సంకేతం, భాషా సంకేతంగా ఆఫ్రికాలోని కనూరీ అనే భాషకు చెందినది. తెలుగుకు ‘టి-ఇ’ బదులు ‘టి-ఎల్’ అని రాసినా ఇలాంటి చిక్కే, ఎందుకంటే అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలోగ్‌ది.