మడత కత్తి లాక్ గురించి అడిగావుగా, ఇదిగో చదువు

ఒరేయ్ అబ్బాయ్,

కొనాలనుకుంటున్న రెండు మడత కత్తుల్లో ఏ లాక్‌ని (తెరిచిన బ్లేడ్ చేతి మీదికి మడతపడకుండా ఆపేది) నమ్మొచ్చో అడుగుతూ నువ్వు పంపిన మూడు వీడియోలూ చూశాను, అందులో కత్తి తెరిచి పిడి బిగించి బ్లేడ్‌కి బరువులు వేలాడదీసి ఏది ఎక్కువ ఆపితే అదే గొప్పదని చెప్తున్నారు, కానీ ఆ బరువు పివట్ (బ్లేడ్ తిరిగే ఇరుసు) నుంచి ఎంత దూరంలో కట్టారో చూశావా? కొన దగ్గర కడితే పివట్ దగ్గర తిప్పే బలం వేరు, బ్లేడ్ మొదలు దగ్గర కడితే వేరు. దూరం చెప్పకుండా ఇన్ని కిలోలు ఆపింది అంటే దాన్ని పట్టుకుని రెండు కత్తులు పోల్చలేం. పైగా లాక్ ఎంత బలమైనది అనేది ఒకటి, ప్రతిసారీ సరిగ్గా పడుతుందా అనేది ఇంకొకటి. నన్నడిగితే రెండోదే ముందు చూడాలి, ఎందుకంటే వేళ్లు తెగేది ఎక్కువగా లాక్ విరిగి కాదు, జారి.

లైనర్ లాక్ సంగతే తీసుకో. పిడి లోపలి సన్నటి రేకు పక్కకి వంగి బ్లేడ్ మొదలు వెనకాల నిలబడుతుంది, అంతే దాని పని. కత్తి తెరిచి వెనక నుంచి చూడు, రేకు బ్లేడ్ మొదలు మీద ఎంతవరకు వచ్చిందో. అంచు మీద నిలబడీ నిలబడనట్టు ఉంటే సగం పడ్డ తలుపు గడియ లాంటిదే, నమ్మొద్దు. కొత్తదే పిడి అవతలి గోడ దాకా వెళ్లిపోయి ఉంటే అది కూడా తేడానే, అరిగేకొద్దీ జరగడానికి చోటుండదు. ఆ రెండు ముఖాలు కలిసే కోణం సరిగ్గా చెక్కకపోతే రేకు ఎంత మందంగా ఉన్నా వెనక నుంచి ఒత్తిడి పడగానే జారిపోతుంది, ఇది ఏ స్పెక్ షీట్‌లోనూ రాయరు.

ఫ్రేమ్ లాక్‌లో పిడిలో భాగమే లాక్ కాబట్టి గట్టిగా పట్టుకున్నకొద్దీ మన చెయ్యే దాన్ని లోపలికి నొక్కుతుంది, అది నాకు నచ్చుతుంది. క్రిస్ రీవ్ అనే తయారీదారు సెబెంజా కత్తితో పేరొచ్చిన పద్ధతి అది. టైటానియం అయితే బ్లేడ్‌కి తగిలే చోట స్టీల్ ముక్క పెట్టారా లేదా చూడు, లేకపోతే కొన్నిట్లో త్వరగా అరుగుతుంది, అతుక్కుంటుంది కూడా. లాక్‌గా పనిచేసే ఆ భాగం వంగడానికి వీలుగా ఒకచోట పలచగా చెక్కుతారు, అక్కడ మరీ ఎక్కువ చెక్కేస్తే మిగతాదంతా ఎంత దిట్టంగా కనిపించినా ఏం లాభం.

బ్యాక్ లాక్, అంటే పిడి వెన్నులోని కడ్డీ కొక్కెం బ్లేడ్ మొదలు మీది గాడిలో దిగేది, పాతదే, 1964లో బక్ కంపెనీ 110 కత్తి వచ్చాక అందరికీ తెలిసింది. బలమైనదే, కాకపోతే గాడిలో జేబు నూగు, దుమ్ము చేరితే కొక్కెం పూర్తిగా దిగదు, మనకేమో టిక్ అని వినిపిస్తుంది, పడిందనుకుంటాం. కోల్డ్ స్టీల్ కంపెనీ వాళ్ల ట్రై-యాడ్ కూడా ఆ జాతిదే కానీ మధ్యలో ఒక స్టాప్ పిన్ (బ్లేడ్ ఆగే చోట అడ్డంగా ఉండే గట్టి పిన్ను) ఉండి బరువు చాలావరకు అది తీసుకుంటుంది, మొండి పనికి నేనైతే అదే తీసుకోమంటా. బెంచ్‌మేడ్ కంపెనీ యాక్సిస్ లాంటి అడ్డ కడ్డీ లాక్‌లు ఉన్నవి మూసేటప్పుడు వేళ్లు బ్లేడ్ దారిలోకి రావు, ఎడమచేతి వాళ్లకీ సుఖం, లోపలి సన్నటి స్ప్రింగ్ ఎప్పుడైనా విరగొచ్చు గానీ రెండుంటాయి కాబట్టి ఒకటి పోయినా పని నడుస్తుంది. ఒపినెల్ కత్తులకి బ్లేడ్ మొదలు దగ్గర తిప్పి లాక్ చేసే రింగ్ (1955 నుంచి ఉంది) చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, తిప్పడం మర్చిపోకపోతే చాలు. స్విస్ ఆర్మీ కత్తుల్లో చిన్నవాటిలో చాలావరకు అసలు లాకే ఉండదు, స్ప్రింగ్ పట్టే పట్టు, అవి తప్పు కాదు, పొడిచే పనికి వాడకు అంతే.

ఇప్పుడు చేతిలోకి తీసుకున్నాక ఏం చెయ్యాలంటే, కత్తి తెరిచి బ్లేడ్‌ని పక్కలకి కదుపు, తర్వాత పైకీ కిందకీ. పక్కలకి ఊగితే పివట్ స్క్రూ కొంచెం బిగిస్తే పోవచ్చు. బిగించేసరికి బ్లేడ్ కదలకుండా పట్టేసి, వదులు చేస్తే మళ్లీ ఊగుతుంటే మాత్రం వాషర్లు గానీ పివట్ రంధ్రం గానీ బాగా చెయ్యలేదని అర్థం, తిరిగి ఇచ్చెయ్. పైకీ కిందకీ ఊగేది స్క్రూతో పోదు, అది లాక్ దగ్గరో స్టాప్ పిన్ దగ్గరో ఉన్న లోపం. బ్లేడ్ మూసినప్పుడు సరిగ్గా మధ్యలో లేదని కొందరు గోల పెడతారు, పక్క గోడకి రాసుకోనంతవరకు నేను పట్టించుకోను.

లాక్ పరీక్షకి కత్తి వెన్నుని బల్లకేసి బాదొద్దు, చాలామంది చేస్తారు, దాంతో బాగున్న లాక్ ముఖం కూడా పాడవుతుంది. పదునుకి మందంగా టేప్ చుట్టి, మడిస్తే బ్లేడ్ వచ్చే దారిలో ఒక్క వేలు కూడా లేకుండా పట్టుకుని, వెన్నుని చెక్క ముక్క మీద ఆనించి నెమ్మదిగా నొక్కు. తర్వాత పిడిని కొంచెం మెలితిప్పుతూ నొక్కు, బలహీనమైన లైనర్లు అక్కడే దొరికిపోతాయి. ఒకసారి కాదు, మెల్లగా తెరిచి ఒకసారి, విసురుగా తెరిచి ఒకసారి, ఇలా మార్చి మార్చి చెయ్, ఎందుకంటే కొన్ని విసిరితే బాగా పడతాయి, మెల్లగా తెరిస్తే సగంలో ఆగుతాయి.

పివట్ దగ్గర బ్లేడ్ తిరగడానికి బేరింగులు మంచివా వాషర్లు మంచివా అన్నావు. బేరింగులు సుతారంగా తిరుగుతాయి, దుమ్ములో పనైతే కంచు వాషర్లే మేలు, తుడుచుకోవడం సులువు. స్టీల్ పేరు చూసి మోసపోకు, అదే పేరున్న స్టీల్ పదును ఒకడి దగ్గర నిలుస్తుంది, ఇంకొకడి దగ్గర నిలవదు, హీట్ ట్రీట్‌మెంట్‌లో (వేడిచేసి చల్లార్చి గట్టిపరచడంలో) ఉంది అంతా.

నువ్వు చెప్పిన పనిలో సందులో పెట్టి తిప్పడం, కట్టెలు చీల్చడం ఉంటే మాత్రం వీటిలో ఏదీ కొనకు, మడవని కత్తి తీసుకో. లేదంటే ఆ రెండిట్లో నీకు నచ్చిన దాన్ని తెరిచి లాక్ పడ్డ చోటు వెనక నుంచి దగ్గరగా ఫోటో తీసి పంపు, వెలుతురులో తియ్, పోయినసారిలా మసగ్గా వద్దు.

మీ బాబాయ్