మనసు లోతుల్ని చూపించే పుస్తకాలు ఏవి? దేనితో మొదలుపెట్టాలి?

మీకు కథలు ఇష్టమైతే నవలతోనే మొదలుపెట్టండి. మనసు గురించి సిద్ధాంతాలు చెప్పే పుస్తకం కన్నా, ఒక మనిషి బుర్రలో మనల్ని కూర్చోబెట్టే నవల ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

నేనైతే ముందు నవీన్ 'అంపశయ్య' (1969) చేతికిస్తాను. యూనివర్సిటీ విద్యార్థి రవి జీవితంలో ఒక్కరోజు, అంతే. నిద్ర లేచింది మొదలు భయం, కోరిక, డబ్బు టెన్షన్, పాత జ్ఞాపకం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. మొదటి పేజీల్లో కాస్త తికమకగా ఉంటుంది, ఓపిక పట్టండి. తర్వాత బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. తల్లి మీద పడిన నింద దయానిధిని ఎక్కడికెళ్లినా వదలదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మాత్రం మనసు బాగోలేనప్పుడు వద్దు.

కథలు కాకుండా కావాలంటే డేనియల్ కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' (2011). అందులో ఒక చిక్కులెక్క: బ్యాటు, బంతి కలిపి 1.10 డాలర్లు. బ్యాటు ధర బంతి కంటే 1 డాలరు ఎక్కువ. మరి బంతి ఎంత? 10 సెంట్లని ఠక్కున నోటికొచ్చేస్తుంది. సరైన జవాబు 5. మనసు తొందరపాటు ఎలా పనిచేస్తుందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. పుస్తకం మాత్రం లావు, వరసగా చదవక్కర్లేదు.

విక్టర్ ఫ్రాంకల్ 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' చిన్నది. నాజీ శిబిరాల్లో బతికి బయటపడ్డ మానసిక వైద్యుడాయన. పోగొట్టుకున్న తన రాతప్రతిని టైఫస్ జ్వరంలో కూడా కాగితం ముక్కల మీద మళ్లీ రాసుకోవడానికి ప్రయత్నించాడు. మొదటి భాగం ఒక్కటి చదివినా చాలు.