పక్కింటివాళ్ల కంచె మన పెరట్లోకి వస్తే?

"హన్మకొండలో మా పెరటి వైపు పక్కింటాయన కడీలు పాతి ఫెన్సింగ్ వేశారు. రెండడుగులు మా జాగలోకి వచ్చింది. పీకేయొచ్చా?" అని ఒకరు అడిగారు.

పీకకండి. గెట్టు పంచాయితీ కాస్తా పోలీస్ కేసవుతుంది. ముందు రెండిళ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు, లేఅవుట్ ప్లాన్ పక్కపక్కన పెట్టి హద్దులు, కొలతలు చూడండి. ఆయన ఎదురుగానే టేపు పట్టండి. మీరొక్కరే కొలిస్తే ఆయన నమ్మరు, అది సహజమే. నలభై అడుగుల పొడవున రెండడుగులంటే దాదాపు 9 గజాలు, ఊరికే వదులుకోమని నేను చెప్పను. తేడా తేలకపోతే లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ను పిలిచి, ఖర్చు చెరి సగం పెట్టుకోండి. రాజీ కుదిరితే కొలతలతో సహా కాగితం మీద రాసి, సాక్షులతో సంతకాలు చేయించండి. పెద్దమనుషుల నోటిమాట రేపు ఇల్లు చేతులు మారితే నిలవదు.

ఆయన ఒప్పుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి. ఆ సంస్థ రాజీల కోసం నడిపే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి చదివే సంతకం పెట్టండి. అదీ కాకపోతే సివిల్ దావా. ఏళ్లు గడవనివ్వకండి, స్వాధీనం కోసం దావాకు సాధారణంగా 12 ఏళ్ల గడువే ఉంటుంది.