రెండింతల వేగంతో వినే పాఠాలు

చిరంజీవి స్రవంతికి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు వంటింట్లో బెండకాయలు కోస్తూ, ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి డ్రైవింగ్ పాఠం వింటున్నావు. వింటున్నావు అనడం కూడా ఎక్కువే. వీడియోను రెండింతల వేగంతో పెట్టావు. అందులో పాఠం చెప్పే ఆయన గొంతు పిచ్చుకల కిచకిచలా ఉంది. "ఇలా అయితే రెండు రోజుల్లో కోర్సు అయిపోతుంది పెద్దనాన్నా, సర్టిఫికెట్ కూడా ఇస్తారు" అన్నావు. మీ అమ్మ ముందు అప్పుడేమీ అనలేదు కానీ ఇంటికి వచ్చాక మనసు ఊరుకోలేదు. వాట్సాప్‌లో మాట్లాడి పంపితే దాన్నీ రెండింతల వేగంతో వింటావేమోనని కాగితం మీద రాస్తున్నాను.

ఆన్‌లైన్ కోర్సును వెక్కిరించాలని కాదు. నాకు దక్కనిది నీకు దక్కింది. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు స్టీరింగ్ పట్టిన మాట నిజమే, కానీ నేను బండి నేర్చుకున్నది లారీ మీద క్లీనరుగా పోయి. తప్పు చేస్తే మా గురువు నెత్తి మీద మొట్టికాయ వేసేవాడు. ఎందుకు తప్పో చెప్పేవాడు కాదు, ఆయనకూ తెలిసి ఉండదు. రోడ్డు పక్క బోర్డుల్లో కొన్ని గుండ్రంగా, కొన్ని మూడు మూలలుగా ఎందుకుంటాయో తెలియకుండానే నాకు లైసెన్సు వచ్చింది.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు డిపోలో శిక్షణ తరగతి పెట్టారు. ఒక ఇన్‌స్ట్రక్టరు నల్లబల్ల మీద లెక్క వేశాడు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట గేదె కనబడి, అది గేదె అని బుద్ధికి తట్టి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఎంత చురుకైనవాడికైనా ఆ సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పని మొదలుపెట్టకముందే బస్సు తన పొడవుకు మించి ముందుకు పోయిందన్నమాట. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు. వేగం రెండింతలైతే, బ్రేకు నొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జనగామ రోడ్డు మీద పత్తి లారీల వెనక తోక పట్టుకున్నట్టు ఎన్ని వందల సార్లు పోయానో గుర్తుకొచ్చింది. నా వెనక యాభై మంది నిద్రపోతూ ఉండేవారు. ఏమీ కాలేదంటే అది నా నేర్పు కాదు.

నీ కోర్సులో ఈ లెక్క మూడో పాఠంలోనో నాలుగో పాఠంలోనో ఉంటుంది. నాకు సగం సర్వీసు అయ్యాక తెలిసిన సంగతి నీకు బండి ముట్టకముందే చెబుతున్నారు. దాన్ని బెండకాయలతో కలిపి కోసేస్తే ఎలా?

కాబట్టి నా మాట వింటే, రోజుకు ఒక్క పాఠమే విను. వినగానే రోడ్డు మీదికి వచ్చి ఆ పాఠం ఎక్కడుందో వెతుకు. బోర్డుల పాఠం విన్న రోజు హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా సిటీ బస్సులో ముందు సీట్లో కూర్చుని పో. గుండ్రటి బోర్డులు ఆజ్ఞలు, కాదనడానికి లేదు. మూడు మూలలవి హెచ్చరికలు. నలుచదరంగా ఉండేవి సమాచారం చెప్పేవి. 'ఆగు' అనే బోర్డు ఒక్కటే ఎనిమిది మూలలది, 'దారి ఇవ్వు' అనేది తలకిందులైన త్రిభుజం. దుమ్ము పట్టి బొమ్మ కనబడకపోయినా ఆకారాన్ని బట్టి పోల్చుకోవాలనే అలా చేశారు. నువ్వు ఎన్ని చూశావో, అందులో ఎన్నింటిని సినిమా పోస్టర్లు, నాయకుల ఫ్లెక్సీలు కప్పేశాయో నోటుబుక్కులో రాసుకో. రెండో లెక్కే పెద్దదవుతుంది, చూస్తూ ఉండు.

దూరం పాఠం విన్న రోజు మీ నాన్న స్కూటర్ వెనక కూర్చో. ముందు పోయే బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే నిదానంగా లెక్కపెట్టు. మూడు అనేలోపే మీరూ ఆ స్తంభం దగ్గరికి చేరితే మరీ దగ్గరగా పోతున్నట్టు. వాన పడుతుంటే ఆ లెక్కను ఐదుకు పెంచు. మీ నాన్నకు మాత్రం అప్పుడే చెప్పకు, ఇంటికి వచ్చాక చెప్పు.

ఒక సంగతి ముందే చూసుకో. నువ్వు వినే కోర్సు మన దేశపు రోడ్లకు చేసిందేనా? ఫోనులో దొరికే ఇంగ్లీషు పాఠాల్లో చాలావాటిలో బండ్లు రోడ్డుకు కుడివైపున పోతుంటాయి. మీ అన్న చదువుకోవడానికి డల్లాస్ వెళ్లినప్పుడు వాడికి ఇరవై రెండేళ్లు, ఇక్కడ లైసెన్సు తీసుకోనేలేదు. టెక్సాస్‌లో 18 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లు తొలి లైసెన్సు కోసం ఆరు గంటల కోర్సు చేయాల్సిందే. అది ఆన్‌లైన్‌లో కూడా చేయవచ్చు. వాడూ గదిలో కూర్చునే చేశాడు. అయినా తర్వాత అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నడిపి చూపించాకే కార్డు చేతికి వచ్చింది. అక్కడ ఎర్ర లైటు ఉన్నా పూర్తిగా ఆగి చూసుకుని కుడికి తిరగవచ్చట, వద్దని బోర్డు ఉంటే తప్ప. ఆ పాఠం విని నువ్వు మన చౌరస్తాలో ఎర్ర లైటు మీద కుడికి తిరిగితే ఎదురుగా వచ్చే బస్సు కిందికి పోతావు.

ఇక్కడ నీ కోర్సు సర్టిఫికెట్ చూపిస్తే ఎవరూ లైసెన్సు ఇవ్వరు. ముందు లెర్నర్ లైసెన్సు, అందరూ ఎల్ఎల్ఆర్ అంటారే, అది తీసుకోవాలి. నీకు పద్దెనిమిది నిండాయి కనుక గేరు బండికీ కారుకూ ఒకేసారి దరఖాస్తు పెట్టు. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకుని, కంప్యూటర్ ముందు ప్రశ్నలకు జవాబులు పెట్టడమే. నూటికి అరవై వస్తే చాలు. ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన ముప్పై రోజులు నిండితేగాని అసలు పరీక్షకు పోనివ్వరు. తప్పితే వారం ఆగి మళ్లీ పోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. ఆఫీసు గేటు దగ్గర "అమ్మా, ట్రాకు మీదికి పోకుండానే పని అయిపోతుంది" అనేవాళ్లు తగులుతారు. వాళ్లకు ఇచ్చే డబ్బుతో మంచి హెల్మెట్ వస్తుంది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొను.

రాత పరీక్ష కోసం చదివేటప్పుడు కాపలా లేని రైల్వే గేటు ప్రశ్న వస్తుంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అలాంటి గేట్లను 2019 జనవరి నాటికే తీసేశారు, అయినా చదువు. బండి ఆపాలి, కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి రెండు వైపులా చూసి రావాలి, ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి అని చట్టం చెబుతుంది. నేను కొత్తగా చేరినప్పుడు పల్లె సర్వీసుల్లో మా కండక్టరు అలా దిగి, చేతిలో టికెట్ల పెట్టెతో పట్టాల మీద నిలబడి చెయ్యి ఊపేవాడు. లోపల జనం గొణిగేవారు. నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన మాట అదే, కిందికి దిగి చూడమనడం.

ఇక బండి నేర్చుకోవడం. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు 2021లో కేంద్రం పెట్టిన నియమాల ప్రకారం కారు నేర్పడానికి నాలుగు వారాల్లో 29 గంటలు పట్టాలి. అందులో 8 గంటలు తరగతి, 21 గంటలు బండి. నువ్వు ఫోనులో చేస్తున్నది ఆ ఎనిమిది గంటల పని అనుకో. మిగతా ఇరవై ఒక్కటి ఏ ఫోనూ చెప్పలేదు. మన దగ్గర చాలా డ్రైవింగ్ స్కూళ్లలో రోజుకు అరగంట చొప్పున పదిహేను రోజులు తిప్పి వదిలేస్తారు. అది ఎన్ని గంటలవుతుందో నువ్వే లెక్క కట్టుకో.

స్కూలు కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. నీకు తెలియకుండానే ఆయన నొక్కుతుంటాడు. నువ్వేమో అబ్బ, ఎంత మెత్తగా ఆపాను అనుకుంటావు. మీ వదిన అలాగే పదిహేను రోజులు చక్కగా నడిపి, పదహారో రోజు సొంత కారుతో గేటును ముద్దాడింది. అందుకే మొదటి రోజే అడిగెయ్యి: "సార్, ఈ రోజు మీరు ఎన్నిసార్లు బ్రేకు నొక్కారు?" అడిగిన మొదటి రోజు నవ్వుతాడు. రోజూ అడిగితే లెక్క చెబుతాడు. ఆ లెక్క సున్నా అయి వారం గడిచేదాకా పరీక్ష స్లాటు తీసుకోకు.

స్కూలు గంటలు చాలక ఇంటి కారు తీస్తే పక్కన లైసెన్సు ఉన్నవాళ్లు కూర్చోవాలి, ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్ర 'ఎల్' అక్షరం ఉండాలి. అది పెట్టుకోవడం నామోషీ అనుకోకు. ఆ పక్క సీట్లోకి మీ నాన్నను మాత్రం రానివ్వకు. నా తమ్ముడే కాబట్టి చెబుతున్నాను, వాడు దూరాన మేక కనబడితే "బ్రేక్! బ్రేక్!" అని అరుస్తాడు. పక్కవాళ్లు అరిస్తే నడిపేవాళ్ల చూపు రోడ్డు మీది నుంచి వాళ్ల మీదికి పోతుంది.

ఇప్పుడు ఏ కోర్సులోనూ ఉండని సంగతులు. బస్సు నడిపినవాడిగా మొదట బస్సు గురించే చెబుతాను. బస్సు అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనబడకపోతే అతనికి నువ్వు లేనట్టే. ముఖ్యంగా ఎడమవైపు ముందు తలుపు పక్కన. బస్సు ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి జరుగుతుంది, లేకపోతే వెనక చక్రం మూల ఎక్కుతుంది. అలా జరగగానే ఎడమన చోటు దొరుకుతుంది. స్కూటర్ల మీది పిల్లలు ఆ సందులో దూరుతారు. అది సందు కాదు, మూసుకుపోయే తలుపు. నా సర్వీసులో ఎన్నిసార్లు గుండె ఆగినంత పనయిందంటే, వాటిలో సగం ఆ మూల మలుపుల్లోనే.

రెండోది, మన పల్లె రోడ్లు. పరకాల వైపు పో, నర్సంపేట వైపు పో, వానాకాలం పంటకైనా యాసంగికైనా కోతలు కాగానే రోడ్డు మీద సగం వడ్లు, మక్కలు ఆరబోస్తారు. కళ్లాలు లేక పోస్తారు, రైతును తిట్టుకుని లాభం లేదు. పగలు ఫర్వాలేదు, పచ్చగా కనబడతాయి. రాత్రి కుప్ప చేసి నల్ల పరదా కప్పి, అంచుల్లో బండరాళ్లు పెడతారు. తారు నలుపు, పరదా నలుపు. స్కూటీ లైటులో కనబడేసరికి దాని మీదే ఉంటావు. గింజల మీద చక్రం పడితే బ్రేకు కొట్టకు, హ్యాండిల్ తిప్పకు. వేగం అంతకుముందే తగ్గి ఉండాలి. అసలు కొత్త లైసెన్సుతో మొదటి ఏడాది ఆ నెలల్లో రాత్రిపూట పల్లె రోడ్డు ఎక్కకు, ఏ పెళ్లి ఉన్నా సరే.

వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు కూడా అంతే. ఎదుటి బండి పెద్ద లైటు కళ్లలో కొడుతుంటే దాని వంక చూడకు. రోడ్డు ఎడమ అంచున తెల్ల గీత ఉంటుంది, చూపు దాని మీద పెట్టి వేగం తగ్గించు. ఆ గుడ్డి వెలుతురు వెనకే ట్రాలీ ఉంటుంది. ములుగు రోడ్డులో మేడారం జాతర రోజుల్లో డ్యూటీ చేసిన ప్రతి డ్రైవరూ ఇదే చెబుతాడు.

ఎక్కడైనా ప్రమాదం కనబడితే, నీది కాకపోయినా, బండిని పక్కన ఆపి 108కి ఫోన్ చెయ్యి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించడానికి, పేరు చెప్పమని బలవంతపెట్టడానికి వీల్లేదని 2019లో చట్టంలోనే చేర్చారు. మా కాలంలో పోలీసు స్టేషన్ భయంతో ముఖం తిప్పుకుని పోయినవాళ్లం ఉన్నాం. నేనూ ఒకసారి పోయాను. ఆ రోడ్డు ఏదో ఇప్పటికీ చెప్పబుద్ధి కాదు.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు మా ఇంటికి రా. ఎల్ఎల్ఆర్ ఇంకా రాలేదు కదా, నిన్ను స్టీరింగ్ ముట్టనివ్వను. నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చుని నాకు కనబడనివి ఏవేవి నీకు కనబడ్డాయో గట్టిగా చెబుతూ ఉండు. హంటర్ రోడ్డు మీదుగా పోయి ఎనుమాముల మార్కెట్ దగ్గర తిప్పుకుని వద్దాం. మిర్చి లారీలు బారులు తీరి ఉంటాయి, చూడటానికి కావలసినంత ఉంటుంది. నోటుబుక్కు మరిచిపోకు. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంది.

ఇట్లు
మీ పెద్దనాన్న